కారవాన్‌కు కందెన

ఇదంతా నవంబరు నెల మొదటి గురువారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మొదలైంది. మా వంటింటి గడియారం రెండు నిమిషాలు ముందు నడుస్తుంది. ఆ రెండూ తీసేసే చెబుతున్నాను.

అల్ వక్రాలో నేను వంట చేసే ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. వేసవంతా అందులో గుడ్డ కప్పుకొని ఉండే పాత కారవాన్‌ను డ్రైవరు ఆ పొద్దున జీపుకు తగిలించాడు. కడగడానికి ముందు వాకిట్లోకి లాక్కొస్తున్నాడు. షెడ్డు నుంచి గేటు దాకా నేల కొంచెం పల్లం. గేటు దగ్గర అతను బ్రేకు తొక్కాడు. జీపు ఆగింది, కారవాన్ ఆగలేదు. అది జీపును వెనక నుంచి నెట్టి, తను పక్కకు తిరిగి, గేటు రెక్క ఒకటి వంచి, సిమెంటు తొట్లు రెండు పగలగొట్టి, మూడో తొట్టి ముందు నిలబడింది. నేను కోడిగుడ్ల అట్ట పట్టుకొని వంటింటి గుమ్మంలో ఉన్నాను. గుడ్లు ముప్ఫై. ఒక్కటీ పగల్లేదు.

డ్రైవరు దిగి వచ్చి జీపు వెనక భాగాన్ని చూశాడు, కారవాన్‌ను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. అతనిది కడప వైపు పల్లె. ఈ ఇంట్లో ఆరేళ్ళుగా ఉన్నాడు. నేను కోనసీమ దాన్ని, ఇదే ఇంట్లో ఇరవై ఒక్కేళ్ళు.

"బ్రేకు తొక్కినానక్కా. దేవుని తోడు, గట్టిగానే తొక్కినా. అది ఇనలా."

"దాని సంగతి తర్వాత చూద్దాం. నీకేమైనా తగిలిందా?"

"నాకేం గాలేదు. పరువు పోయిండాది, అంతే."

మేడ మీద కిటికీ తెరుచుకుంది. ఇంటి పెద్దావిడ తొంగి చూసింది. ఆమెను పనివాళ్ళమంతా మామా అంటాం. ఈ దేశంలో ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు. ఆమె గేటును చూడలేదు, తొట్లను చూడలేదు. "కారవాన్‌కు ఏమైంది?" అని అరబ్బీలో అడిగింది. "మాఫీ ముష్కిల్, మామా" అన్నాడు డ్రైవరు, ఏ ఇబ్బందీ లేదని. ఆ మాట అంటున్నప్పుడు అతని కాలి కింద తొట్టి పెంకులున్నాయి.

ఇక్కడ చలికాలం వస్తే కుటుంబాలు ఎడారిలోకి వెళ్ళి నెలల తరబడి గుడారాలు వేసుకొని ఉంటాయి. మా వాళ్ళ చోటు దక్షిణాన, సముద్రం ఇసుకను తాకే దగ్గర. గుడారాలు మగవాళ్ళవీ పిల్లలవీ. పెద్దావిడ మాత్రం కారవాన్‌లోనే ఉంటుంది. చక్రాల మీద నిలబెట్టిన చిన్న గది అది. రెండు మంచాలు, ఒక బల్ల, ఒక గ్యాస్ పొయ్యి, మూడు కిటికీలు. ఆమె భర్త బతికుండగా, దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర కొన్నాడు. అప్పటికే అది పాతది. మీగడ రంగు మీద ఆకుపచ్చ పట్టీ. ఆమె ఒక మంచం మీద, నేను రెండో మంచం మీద, ఇప్పటికి పంతొమ్మిది చలికాలాలు గడిపాం. మధ్యలో రెండేళ్ళు నేను సెలవు మీద ఊళ్ళో ఉండిపోయాను.

ఆ సాయంత్రం ఆమె పెద్ద కొడుకు వచ్చి గేటు చూశాడు. కోప్పడలేదు. తల్లి ముందు కూర్చొని నెమ్మదిగా చెప్పాడు. వెనక నుంచి నెట్టే బండిని రోడ్డు ఎక్కించడట. వచ్చే వారం శనివారం లోపు దాని బ్రేకులు పడుతున్నాయని తను కళ్ళారా చూస్తే సరే. లేకపోతే తుక్కు కొనేవాళ్ళను పిలిచి ఇచ్చేసి, కొత్తది కొంటాడట. అతని మాటలో తప్పు లేదు. నా కొడుకైనా అదే అనాలి.

చిక్కంతా కొత్త కారవాన్ల మెట్ల దగ్గర. పెద్దావిడకు రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయి రెండేళ్ళయింది. మా పాత దానికి అడుగు భాగం నేలకు దగ్గరగా ఉంటుంది, ఒక్క అడుగు ఎత్తి పెడితే లోపల ఉంటాం. కొత్తవాటికి మూడు మెట్లు, అవి కూడా మడతపెట్టేవి, కదులుతాయి. అంతకు ముందు నెలలో ఆమెను ఒక షోరూముకు తీసుకెళ్ళి చూపించారు. రెండో మెట్టు మీద ఆగిపోయి, అక్కడి నుంచే వెనక్కి దిగి వచ్చేసింది.

"కొత్తదాంట్లోకి నన్ను క్రేన్‌తో ఎక్కిస్తావా?" అని అడిగింది కొడుకును. తర్వాత నవ్వడం మానేసి, "ఇది వెళితే నేను వస్తాను. ఇది లేకపోతే మీరు వెళ్ళి రండి, నేను ఇంట్లో ఉంటాను" అంది.

ఆమె ఉత్తి మాటలు అనే మనిషి కాదు. కొడుకు లేచి వెళ్ళాక నన్ను పిలిచి, రేపు గ్యారేజీకి నువ్వు కూడా వెళ్ళు, డ్రైవరు అన్నీ బాగున్నాయనే చెబుతాడు, నువ్వు ఉన్నది ఉన్నట్టు చెబుతావు, అంది. ఇరవై ఒక్కేళ్ళలో ఆమె నన్ను వంట గురించి తప్ప ఇంకో పనికి పంపడం అదే మొదలు. నేను రాత్రే పులిహోరకు చింతపండు నానబెట్టాను.

శుక్రవారం పొద్దున కారవాన్‌ను రికవరీ లారీ మీద ఎక్కించి ఇండస్ట్రియల్ ఏరియాకు తీసుకెళ్ళాం. మెకానిక్కు డ్రైవరుకు తెలిసినవాడు. ఉత్తర తెలంగాణ మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి, పదహారేళ్ళుగా ట్రైలర్ల పనే చేస్తున్నాడు. ఉండేది బిర్కత్ అల్ అవామిర్‌లో, కంపెనీ క్యాంప్‌లో. శుక్రవారం అతనికి డ్యూటీ లేదు. గ్యారేజీ యజమాని ఆ ఒక్క రోజుకు ఆవరణ, పనిముట్లు వాడుకోనిచ్చాడు.

"పెద్దమ్మా, నువ్వు గూడ వచ్చినవా? బండికి వంట చెయ్యాల్నా ఏంది?" అన్నాడు నన్నూ నా చేతిలో క్యారేజీనీ చూడగానే.

"బండికి కాదు, నీకు. పని బాగుంటేనే పెడతాను."

"అయితె బాగనే చేస్త."

నాకోసం పెయింటు డబ్బా ఒకటి బోర్లించాడు. దాని మీద కూర్చున్నాను. అతను ముందు కారవాన్ ముక్కు దగ్గర, జీపుకు తగిలించే చోట, మోకాళ్ళ మీద కూర్చొని ఒక ఇనప కడ్డీని చేత్తో లోపలికి నెట్టి చూశాడు. నాకు అర్థం కాలేదని గమనించి చెప్పాడు.

"దీనికి పెడలు లేదు పెద్దమ్మా. కారు ఆగితె ఎనకకెల్లి ఇది తోస్తది గదా, ఆ తోసుడే దీని బ్రేకు. ఈ కడ్డీ లోపటికి పోతది, పోయి తీగను గుంజుతది. తీగ చక్రంల ఉన్న రెండు షూలను ఇప్పుతది. అవి పోయి డ్రమ్మును పట్టుకుంటయి."

"అంటే ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా ఆగాలి."

"గంతే. మంచిగ చెప్పినవ్."

"మరి తోసింది కదా. ఎందుకు ఆగలేదు?"

"గదే సూస్త."

చక్రం విప్పాడు. దాని వెనక గిన్నెలా ఉండే ఇనప డ్రమ్మును సుత్తితో చుట్టూ కొట్టి, ఊపి, లాగాడు. ఊడి వచ్చింది. లోపల చంద్రవంకల్లాంటి రెండు షూలు ఎదురెదురుగా ఉండాలి. ఉన్నాయి కానీ కనబడలేదు. నల్లటి ముద్ద, కాటుకలా, అంచుల దాకా నిండి ఉంది. మెకానిక్కు వేలితో కొంచెం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ వాసన చూశాడు. ఆ వేలు నా వైపు చాపాడు.

"పెద్దమ్మా, జర సూడు. నా ముక్కుకేమన్న అయ్యిందా?"

చూశాను. ఆముదం. అందులో సందేహమే లేదు.

ఇద్దరం ఒకేసారి డ్రైవరు వైపు తిరిగాం. అతను ఏమాత్రం బెదరలేదు. పైగా ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది.

"కందెన. నేనే పెట్టినా."

"ఏం పెట్టినవ్?"

"కందెనన్నా. ఏటేటా క్యాంప్ అయిపోయినాక, షెడ్డులోకి తోసే ముందర పెడతాండా. ఎనకాల రబ్బరు బిరడా ఉండాది చూడు, ఆడ్నించి పోస్తా. ఆముదంలో బొగ్గు మసి కలిపి. మా నాయన బండి ఇరుసుకు అట్లే పెట్టేటోడు. మా బండి కీచుమన్నాదని ఊర్లో ఒక్కడు అనింది లేదు."

మెకానిక్కు నేల మీద కూర్చున్నాడు. చేతిలో ఉన్న స్పానరు పక్కన పెట్టాడు.

"అన్నా, బ్రేకులకు తలంటు పోసినవా?"

ఆ తర్వాత ఎంతసేపు నవ్వామో నేను గడియారం చూడలేదు. నా పెయింటు డబ్బా ఒరిగింది. డ్రైవరు ముందు మా ఇద్దరినీ కోపంగా చూశాడు, తర్వాత అయోమయంగా చూశాడు, చివరికి తనూ నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూనే అడిగాడు: "అది కాదక్కా, బండి అంటే బండే గదా. చక్రం సులువుగా తిరగాల్నా వద్దా?"

"ఎడ్లు గుంజే బండి ఉర్కాలె అన్నా" అన్నాడు మెకానిక్కు కళ్ళు తుడుచుకుంటూ. "గిది కారు ఆగితె ఆగే బండి. నువ్వు ఆరేండ్ల సంది దానికి జారుడు నేర్పినవ్."

అప్పుడు నాకు ఇంకొకటి తెలిసింది. ప్రతి ఏప్రిల్‌లో, శిబిరం ఎత్తేసే ముందు, మాంసం కాల్చే నా కుంపటి అడుగున మసి ఎవరో శుభ్రంగా గీకేసి ఉంచేవారు. అడగకుండానే సాయం చేస్తున్నాడని నేను డ్రైవరును రెండుసార్లు పెద్దావిడ ముందు మెచ్చుకున్నాను. ఆ మసి ఇక్కడ ఉంది.

రెండో చక్రం కూడా విప్పారు. అందులో ఇంకా ఎక్కువ పోసి ఉన్నాడు. ఎడమ వైపు గతుకులు ఎక్కువ తగులుతాయని దానికి రెండు గరిటెలు అదనంగా వేసేవాడట. మెకానిక్కు షూల మీద ఉండే లైనింగును గోరుతో నొక్కి చూశాడు. నూనె పీల్చిన చపాతీలా ఉంది. కడిగితే పోయేది కాదు, పాతది చెక్కేసి కొత్తది అతికించాలి, వారం మధ్యలో డ్యూటీ అయ్యాక ఆ పని చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి చేయించుకొస్తాను, వచ్చే శుక్రవారం బిగిద్దాం, అన్నాడు.

"శనివారం తుక్కువాళ్ళు వస్తారు, బాబూ."

"శుక్రవారం అయిపోతది పెద్దమ్మా. అయితదనే అంటున్న గదా."

కారవాన్ నీడలో దాని మడత బల్లనే వేసుకొని తిన్నాం. పులిహోర, వేయించిన చేపలు, పెరుగు. మెకానిక్కు తింటుండగా ఇంటి నుంచి వీడియో కాల్ వచ్చింది. అతని తల్లి. "దుబాయ్ల ఎండలు తగ్గినయా కొడుకా?" అని అడిగింది. "తగ్గినయే అమ్మా" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాతో, "ఇది దుబాయ్ గాదు. ఆమె లెక్కల పదహారేండ్ల సంది నేను దుబాయ్ల ఉన్న. ఇగ మార్చి చెప్తె నేను పని మారిన్నని పరేషాన్ అయితది" అన్నాడు. ఆవిడకు నన్ను కూడా చూపించాడు. నేను చేప ముక్క ఎత్తి చూపించాను.

ఇంటికి వచ్చి పెద్దావిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను, కందెన ఒక్కటి తప్ప. లోపల నూనె చేరింది, కొత్త లైనింగు వేస్తున్నారు, అన్నాను. నూనె ఎలా చేరిందో డ్రైవరే చెప్పుకోవాలి, అది నా నోట రాకూడదు. ఆమె ఆ వారమంతా తన సామాను సర్దించింది. నేను వద్దనలేదు. ఉన్ని దుప్పటి, దల్లా, రేడియో, మందుల సంచి అన్నీ హాలులో వరసగా పెట్టించి, రోజూ వాటి ముందు నుంచి నెమ్మదిగా నడిచేది. దల్లా అంటే అరబ్బీ కాఫీ పోసే ముక్కు చెంబు.

రెండో శుక్రవారం మేం చేరేసరికి మెకానిక్కు డ్రమ్ములు మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, చేత్తో ముట్టుకుంటే గరుకు తెలిసేలా రుద్ది పెట్టాడు. షూలు కొత్త లైనింగుతో మెరుస్తున్నాయి. అవి బిగించాక సరిచేయడం అనే పని ఉంది. చక్రాన్ని జాకీ మీద గాలిలోకి ఎత్తి, తిప్పుతూ, వెనక చిన్న పళ్ళ చక్రాన్ని స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క పన్నూ జరపాలి. చక్రం బిగుసుకొని ఇక తిరగనంత దాకా జరిపి, అక్కడి నుంచి ఎనిమిది పళ్ళు వెనక్కి రావాలి. రెండు వైపులా అంతే. లెక్క నాకు అప్పగించాడు. అతను జరిపాడు, నేను పైకి లెక్కపెట్టాను. కుడి వైపు ఎనిమిది, ఎడమ వైపు ఎనిమిది.

తర్వాత పక్కనున్న ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాం. అక్కడ నేల మీద సన్నటి దుమ్ము పరుచుకొని ఉంది. డ్రైవరు నెమ్మదిగా నడిపి ఒక్కసారిగా ఆపాలి. బ్రేకు పడితే కారవాన్ చక్రాలు దుమ్ములో రెండు గీతలు గీస్తాయి. రెండు గీతలూ ఒకే పొడవు ఉంటే రెండు చక్రాలూ సమంగా పట్టినట్టు. లేకపోతే రోడ్డు మీద బండి ఒక పక్కకు లాగుతుంది.

డ్రైవరు ఆపాడు. జీపు ఆగింది, కారవాన్ కూడా ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇనిందక్కా" అన్నాడు.

నేను నా కుట్టు టేపు తీసుకొని వెళ్ళి కొలిచాను. కుడి గీత నలభై ఒక్క అంగుళాలు. ఎడమది తొమ్మిది.

మెకానిక్కు కారవాన్ కిందికి దూరాడు. కింద అడ్డంగా ఒక పట్టీ ఉంటుంది, త్రాసు కాడలాగా, దాని రెండు చివరల నుంచి రెండు చక్రాలకూ తీగలు వెళతాయి. నేను వంగి చూశాను. కాడ ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎడమ తీగ గొట్టంలో తుప్పు పట్టి కదలడం లేదు, సముద్రపు గాలికి, అన్నాడు. విప్పి లాగితే గట్టి కర్రలాగా బయటికి వచ్చింది. కొత్తది కావాలి. దుకాణాలు శుక్రవారం మధ్యాహ్నం నమాజు, భోజనాలు అయ్యాకనే తీస్తారు. పెద్ద కొడుకు నాలుగున్నరకు వచ్చి చూస్తానన్నాడు. అప్పుడు సమయం పన్నెండున్నర.

నేను పాత తీగ పొడవును గొట్టంతో సహా, గొట్టం లేకుండా విడివిడిగా కొలిచి చెప్పాను. డ్రైవరు దాన్ని భుజాన వేసుకొని ఒక విడిభాగాల దుకాణం వరండాలో కూర్చొని, తలుపు ఎప్పుడు తీస్తారా అని కాచుకున్నాడు. మూడుంబావుకు కొత్త తీగతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతను పరుగెత్తడం నేను చూడటం అదే మొదలు. చొక్కా తడిసిపోయింది.

"దొరికిండాదక్కా. కొలత పోకుండా కోయించినా. యల్లా, యల్లా."

తీగ బిగిస్తుండగానే పెద్ద కొడుకు కారు వచ్చి ఆగింది, అనుకున్నదానికి పది నిమిషాలు ముందే. వెనక తలుపు తీసుకొని పెద్దావిడ దిగింది. ఆమె వస్తుందని ఎవరూ చెప్పలేదు. చేతికర్ర పట్టుకొని, ఆ నూనె మరకల నేల మీద, తన దుస్తుల అంచులు పైకి పట్టుకొని నడుచుకుంటూ వచ్చి నా పెయింటు డబ్బా మీద కూర్చుంది. నన్ను ఒక్క మాటే అడిగింది: "వెళుతుందా?"

"ఇంకా కొలవలేదు, మామా."

డ్రైవరు జీపు ఎక్కాడు. నడిపాడు, ఆపాడు. దుమ్ము లేచి, దిగింది. నేను కొలిచాను. కుడి ముప్ఫై ఆరు, ఎడమ ముప్ఫై అయిదున్నర.

"అర్ధ అంగుళమే గదా పెద్దమ్మా" అన్నాడు మెకానిక్కు మెల్లగా. "గాలికి కొట్టుకపోయిందనుకో."

"గాలి లేదు."

అతను నా ముఖం చూశాడు, పెద్దావిడ ముఖం చూశాడు, నిట్టూర్చి మళ్ళీ కిందికి దూరాడు. ఒక్క పన్ను జరిపి వచ్చాడు. మళ్ళీ నడిపారు, ఆపారు. రెండు గీతలూ ముప్ఫై ఆరు. అప్పుడు పెద్ద కొడుకు తనే జీపు ఎక్కి, డ్రైవరు కంటే వేగంగా నడిపి, గట్టిగా రెండుసార్లు తొక్కి చూశాడు. రెండుసార్లూ కారవాన్ దాని వెనక బుద్ధిగా ఆగింది. అతను దిగి వచ్చి తల్లితో, "ఖలాస్. రేపు పొద్దున" అన్నాడు, పని అయిపోయింది, వెళ్దామని. తర్వాత మెకానిక్కుకు చేయి ఇచ్చాడు. తన చేయి నల్లగా ఉందని మెకానిక్కు వెనక్కి తీసుకోబోయినా వదల్లేదు.

"ఇంతకూ అందులోకి నూనె ఎలా వెళ్ళింది?" అని అడిగాడు.

డ్రైవరు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఇక తప్పదని అతను తనకు వచ్చిన అరబ్బీలో, చేతులతో ఎద్దులను, బండిని, వాళ్ళ నాన్నను, సీసాను చూపిస్తూ మొత్తం చెప్పాడు. పెద్ద కొడుకు నోరు తెరుచుకొని విన్నాడు. పెద్దావిడకు మాత్రం మధ్యలోనే నవ్వు వచ్చేసింది. ఆమె తండ్రి ఇదే అల్ వక్రా రేవులో పడవ నడిపేవాడు. ఏటా పడవను గట్టు ఎక్కించి సొరచేప కాలేయపు నూనె పూసేవాడట. ఇల్లంతా నెల రోజులు ఆ కంపేనట. "మా నాన్న చేతికి ఈ కారవాన్ ఇచ్చి ఉంటే ఆయనా పూసేవాడు" అంది. "ఆముదం నయం."

వచ్చేటప్పుడు మెకానిక్కు డ్రైవరును కారవాన్ ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, లోపలికి జరిగే కడ్డీకి పైన ఉన్న చిన్న రంధ్రం చూపించాడు.

"అన్నా, నీ చెయ్యి ఊకుండదు, నాకు ఎరికే. ఏడాదికి ఒక్కసారి ఈడ గ్రీజు పెట్టు. ఈడనే. చక్రాల దిక్కు సూడకు."

"మసి కలపొచ్చా?"

"ఒద్దు."

శనివారం పొద్దున ఏడింటికి బయల్దేరి తొమ్మిది లోపే చేరాం. చోటు దగ్గర కారవాన్‌ను వెనక్కి నెట్టి నిలబెట్టాలి. పాత బండి కదా, వెనక్కి పోయేటప్పుడు కూడా తోపుడుకు బ్రేకు పడిపోతుంది. అందుకని ఎవరైనా దిగి ముక్కు దగ్గర చిన్న ఇనప నాలుకను ఎత్తి పట్టుకోవాలి. ఆ పని నాదే. గడచిన నాలుగైదేళ్ళుగా అది ఎత్తినా ఎత్తకపోయినా బండి వెనక్కి జారిపోయేది, నేను ఊరికే పక్కన నిలబడేదాన్ని. ఈసారి మరచిపోయి జీపులోనే కూర్చున్నాను. డ్రైవరు వెనక్కి నడపబోతే కారవాన్ కదల్లేదు. ఇసుకలో నాలుగు కాళ్ళూ తన్నిపెట్టిన మేకలా నిలబడింది.

"అక్కా, దిగల్ల నువ్వు" అన్నాడు డ్రైవరు. అతని గొంతులో ఎంత సంతోషమో.

దిగి నాలుక ఎత్తి పట్టుకున్నాను. కారవాన్ బుద్ధిగా వెనక్కి వెళ్ళి సముద్రానికి కిటికీ పెట్టి నిలబడింది. పెద్దావిడ కర్ర నా చేతికి ఇచ్చి, తలుపు చట్రం పట్టుకొని, ఒక్క అడుగు ఎత్తి లోపలికి వెళ్ళింది. వెళ్ళి కిటికీ దగ్గర కూర్చొని, అద్దం పక్కకు జరిపి, ఇంకా టీ కాలేదా అని అడిగింది. నీళ్ళు పొయ్యి మీద పెట్టడానికి నాకు ఆమె కంటే ముందు ఎక్కే దారే లేదు. ఆ మాటే అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఈ పనిలో పోయినవి:

సిమెంటు తొట్లు రెండు. వాటిలో ఒకదాంట్లో ఉన్న నా కరివేపాకు మొక్క, పదకొండేళ్ళది. రెండోదాంట్లో ఏమీ లేదు.

బ్రేకు లైనింగులు నాలుగు, తీగ ఒకటి.

మెకానిక్కు శుక్రవారాలు రెండు. వాటికి పెద్ద కొడుకు డబ్బు ఇచ్చాడు.

కుట్టు టేపు ఒకటి. మరకలు పోలేదు, అంకెలు పోయాయి.

గ్యారేజీ ఆవరణలో మరచిపోయిన స్టీలు గ్లాసు ఒకటి.

ఇసుక తిన్నె మీద, రెండో రోజు సాయంత్రం నడకలో, పెద్దావిడ ఎడమ కాలి చెప్పు.